కడపటి పుటలు

మా యింట నటుకమీద నొక తగరపు పెట్టె యున్నది. మా మామగారి తండ్రిగారు చందా కట్టి తెప్పించుకొనిన పత్రికలు దానిలో కట్టలు కట్టలుగా నున్నవి. ఏటేట భోగిపండుగకు ముందు ఆ పెట్టెను దింపి, పాత వేపాకు తీసి క్రొత్త వేపాకు పఱచి, చెదలు పట్టెనేమో చూచి, మరల నటుక కెక్కించుట మాకు వాడుక. ఈ యేడు దింపినపుడు ఒక కట్ట విప్పి చదువుచు గూర్చుంటిమి. చదివినదేమియని యెవరైన నడిగినచో చెప్పుటకు కొంచెము సిగ్గుగానే యున్నది. పెద్దలు వ్రాసిన వ్యాసములు గావు, పద్యములు గావు, కథలును గావు. తలనొప్పి మందులు, కేశతైలములు, సబ్బులు, గడియారములు, బలవర్ధక లేహ్యములు మొదలగువాని ప్రకటనలు. అన్నియు కడపటి పుటలు.

పండితులు ఈ పుటలను పత్రికకు పట్టిన మురికివలె చూతురు. సంపుటములు కుట్టించునపుడు వీనిని చింపి పాఱవేయువారును గలరు. కాని ఆ కాలపు గృహములలో ఏమి కొఱవడెనో, ఏమి బాధించెనో, ఏ మాట యెవ్వరికిని చెప్పుకొనలేక మ్రింగుకొనిరో తెలిసికొనవలెనన్నచో వ్యాసములకంటె నీ పుటలే యెక్కువ చెప్పును. వ్యాసము మనమెట్లుండవలెనో చెప్పును. ప్రకటన మనకేమి లేదో కనిపెట్టి దానినే చెప్పును. ఆ పెట్టెలో పత్రికల క్రింద నొక ఖాళీ సీసా కూడ నున్నది. దాని కథ తరువాత చెప్పెదము. మొదట ఈ పుటలెట్లు పుట్టినవో, మన గడప లోపలి కెట్లు వచ్చినవో చూతము.

మన దేశమున నచ్చుపడిన మొదటి వార్తాపత్రిక 1780వ సంవత్సరము జనవరి 29వ తేదీన కలకత్తాలో వెలువడినది. దానిని నడపినవాడు జేమ్స్ ఆగస్టస్ హికీ యను దొర. బెంగాల్ గెజెట్టని మనము చెప్పుకొనెడి యా పత్రికకు కలకత్తా జనరల్ అడ్వర్టైజరని రెండవ పేరు కూడ గలదు. అనగా ప్రకటనలు వేయుట దానికి పేరులోనే యున్న పని. అయిదేండ్లకు, 1785లో, చెన్నపట్టణమున మద్రాసు కొరియరను పత్రిక బయలుదేరినది. నాటి పత్రికలలో ఓడలనుండి దిగిన ద్రాక్షసారాయములు, టోపీలు, వేలమునకు వచ్చిన మేజాలు, కుర్చీలు, అద్దెకిచ్చు భవనములు ప్రకటింపబడుచుండెను. ఇవి వింతలు గావు. కాని ఆనాటి కలకత్తా పత్రికలలో వీని ప్రక్కనే బానిసలుగా నున్న బాలుర నమ్మజూపుటయు, పాఱిపోయిన బానిసను పట్టి తెచ్చినవారికి బహుమాన మిత్తుమనుటయు గూడ గలవు. గుఱ్ఱము నమ్మిన యక్షరములతోనే మనుష్యుని గూడ నమ్మిరి. ప్రకటన యను సాధనమునకు తనంతట తనకు మంచిచెడ్డల వివేకము లేదని మొదటి దినములనుండియే మనకు తెలియుచున్నది. ఆ వివేకము చదువువారికే యుండవలెను.

ఆ కాలమున ప్రకటనలకు కడపటి పుటయే గాక మొదటి పుటయు దక్కుచుండెను. 1878లో చెన్నపట్టణమున స్థాపితమైన హిందూ పత్రిక 1958వ సంవత్సరము వఱకును తన మొదటి పుటను ప్రకటనలకే యిచ్చెడిది. వార్తలు లోపలి పుటలలో నుండెడివి. దానికి చదువరు లాశ్చర్యపడలేదు. చందాసొమ్ముతో మాత్రమే పత్రిక నడవదనియు, కాగితమునకు, సిరాకు, అచ్చుకూటపు జీతములకు ప్రకటనదారుడు కూడ సొమ్మిచ్చుచున్నాడనియు నందఱకు తెలిసిన సంగతియే.

అయితే చెన్నపట్టణమున నచ్చుపడిన మాట గోదావరి యొడ్డున నున్న పల్లెలో సరకుగా మాఱుటకు పత్రిక యొక్కటియే చాలదు. దానికి తపాలా కావలెను. 1854లో దూరముతో పనిలేక అరణా బిళ్ళతో ఉత్తరము దేశమున నెక్కడికైనను పోవు నేర్పాటు జరిగినది. 1877లో వి. పి. పి. వచ్చినది. నేటి పిల్లలకు ఈ మూడక్షరములు తెలియవు గనుక చెప్పుచున్నాము. వర్తకుడు సరకును మూటగట్టి తపాలాలో వేయును. తపాలాబంట్రోతు దానిని మన యింటికి తెచ్చి, వెల పుచ్చుకొని, మూట యిచ్చును. ఆ వెలను తపాలావారే వర్తకునకు చేర్తురు. ముందుగా సొమ్ము పంపి మోసపోవుదుమేమో యను భయము కొనువారికి లేదు. సరకు పంపి వెల పోగొట్టుకొందుమేమో యను భయము అమ్మువారికి లేదు. 1879లో కాలణా కార్డు వచ్చినది. 1880లో తపాలాకచ్చేరీలలో మనియార్డరులు పుచ్చుకొన మొదలిడిరి. కాలణా కార్డు వ్రాయగలిగిన యిల్లాలికి చెన్నపట్టణపు కొట్టుయొక్క తలుపు తెఱచుకొన్నట్లే.

ఇది యెంత పెద్ద మార్పో నేడు మనము సులభముగా గ్రహింపజాలము. పొలములకు పోయి పనిచేసుకొను స్త్రీలు సంతలకు పోవుచునే యుండిరి. కాని మర్యాదగల గృహములని చెప్పుకొన్న యిండ్లలో స్త్రీకి బజారు లేదు. గాజులసెట్టి వాకిటికి వచ్చినపుడు గాజులు, తక్కిన సమస్తమును మగవారు తెచ్చినదే. రంగు నచ్చకపోయినను కట్టవలసినదే, మందు సరిపడకపోయినను త్రాగవలసినదే. అట్టి యింటిలోనికి పత్రిక వచ్చినది. వీరేశలింగము పంతులుగారు 1883లో సతీహితబోధినిని స్త్రీలకొఱకే వెలువరించిరి. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారి హిందూసుందరి పుట్టినది. ఇట్లు అక్షరములు నేర్చిన యిల్లాలు పత్రికను మొదటినుండి తుదివఱకు చదివి, కడపటి పుటకు వచ్చినది. అక్కడ నెవ్వరి తోడును లేకుండ తానొక్కతెయే తిరుగగల బజారొకటి కనబడినది. ఏ కొట్టుముందైనను నిలువవచ్చును, ఏ వెలయైనను విచారింపవచ్చును, ఎవ్వరును తన్ను చూడరు.

ఆ బజారులోని కేకలు కూడ విచిత్రములైనవే. అద్భుతమనియు, రామబాణమనియు, సంజీవియనియు పెద్ద యక్షరములు. ఒక సీసాతో గుణము, మూడు సీసాలతో నివారణము. తపాలా ఖర్చులు ప్రత్యేకము. గుణములేనిచో సొమ్ము వాపసు. క్రింద యోగ్యతాపత్రములు: ఒక జమీందారుగారు, ఒక వకీలుగారు, ఒక ఉపాధ్యాయుడు తమకు నయమైనదని వ్రాసిన యుత్తరములు. స్త్రీల వ్యాధులకు మందు చెప్పుచోట మాత్రము కేక తగ్గి గుసగుసయగును. గర్భాశయ దోషములని యొక మాట, ఋతుసంబంధమైన బాధలని యొక మాట, ఉత్తరములు రహస్యముగా నుంచబడునని యొక మాట. తల్లితో జెప్పుకొనుటకు గూడ సందేహించెడి సంగతిని అచ్చక్షరములలో చూచిన యిల్లాలికి, ఈ బాధ నాకొక్కతెకే కాదు, దీనికొక పేరు గలదని తోచియుండును. ఆ యోదార్పు నిజమైనదే. ఆ యోదార్పు వెనుక నున్న సీసాలో నేమున్నదో యది వేఱు ప్రశ్న.

ఆ ప్రశ్నను సీమలో కొందఱు వైద్యులు గట్టిగా నడిగిరి. బ్రిటిషు వైద్యసంఘమువారు 1909లో రహస్యౌషధములను గుఱించి యొక పుస్తకము ప్రకటించిరి. బజారులో పేరుమోసిన మందులను కొని, రసాయనశాలలో పరీక్షించి, ఏ మందులో నేమున్నదో, ఆ దినుసుల వెల యెంతయో వరుసగా వ్రాసిరి. దొరతనమువారితోపాటు దేశదేశములకు వ్యాపించిన బీచెమ్సు మాత్రలను చూడుడు. పెట్టె యొక్కటి గినీ విలువ చేయునని వారి ప్రకటన. 56 మాత్రలుగల పెట్టె వెల యొక షిల్లింగు ఒకటిన్నర పెన్నీలు. పరీక్షలో తేలినవి మూడే దినుసులు: ముసాంబరము, శొంఠి, సబ్బు. వాని వెల యర ఫార్తింగు. ఫార్తింగన పెన్నీలో నాలుగవ పాలు. లెక్క వేసి చూచినచో దినుసుల వెలకు నూఱింతలకు పైగా పుచ్చుకొనిరన్నమాట. శొంఠియు ముసాంబరమును మన యింటి పోపులపెట్టెలోను, పచారికొట్టులోను దొరకునవే. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెతను సీమవర్తకుడు మనకంటె బాగుగ నెఱిగియుండెను.

అన్నియు నిట్టివే యనుట న్యాయము గాదు. పాలిపోయిన వారికి గులాబివన్నె మాత్రలని డాక్టరు విలియమ్సు పేర వచ్చినవి. వానిని 1890లో కెనడాదేశపు వర్తకుడు జార్జి ఫుల్‌ఫర్డు కొని ప్రపంచమంతట నమ్మెను. అందు ముఖ్యముగా నున్నది ఇనుపలవణము. రక్తము తక్కువైన స్త్రీలకు ఇనుము హితమైనదే. కాని యా ప్రకటనలు అంతటితో నాగక పక్షవాతాదులు గూడ కుదురునని చెప్పినవి. ఉడ్‌వర్డ్సు గ్రైపువాటరును మనలో నెఱుగనివారు లేరు. 1851లో సీమలోని నాటింగుహాములో విలియము ఉడ్‌వర్డు కల్పించిన యా పసిబిడ్డల మందులో శతపుష్పతైలము, సోడాఉప్పు, చక్కెరలతో బాటు కొంచెము సారాయము కూడ నుండెడిది. సీమలో ఆ సారాయమును తీసివేయుట 1990 తరువాతి మాట. బిడ్డ యేడ్పు మాని నిద్రించినది కదాయని సంతసించిన తల్లులకు ఆ నిద్రలో సారాయమునకును పాలుండవచ్చునని యెవరు చెప్పిరి? సగము నిజమును పట్టుకొని నిండు నిజమని చెప్పుట ప్రకటనలకు పుట్టుకతో వచ్చిన గుణము.

ఇంతవఱకు చదివి, ప్రకటనలన్నియు మోసములే గనుక కడపటి పుటలను చింపివేయువారే మంచివారని తలపవలదు. మన తెలుగునాట జరిగిన సంగతి వినుడు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. కర్పూరపు వాసనగల యా పచ్చని లేపనము తలనొప్పికి పైపూతగా ఇంటింట చేరినది. దాని లాభముతో వారు 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టిరి. 1914లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రిక గావించిరి. 1924లో భారతిని స్థాపించిరి. ఆంధ్రోద్యమమునకు, స్వరాజ్యోద్యమమునకు, సాహిత్యమునకు ఆ పత్రికలు చేసిన సేవ యందఱెఱిగినదే. దేశోద్ధారకుడని బిరుదందిన యా మహనీయునకు ధనము సమకూర్చినది ఒక చిన్న తలనొప్పి సీసా.

డాక్టరు కె. యన్. కేసరిగారి సంగతియు నట్టిదే. చెన్నపట్టణమున కేసరికుటీరమను నౌషధశాల పెట్టి, స్త్రీల వ్యాధులకు లోధ్రయను మందును ప్రచారము చేసిరి. లోధ్రమన మన లొద్దుగచెట్టే. దాని పట్టను స్త్రీల రుగ్మతలకు వాడుట ఆయుర్వేదమున ప్రాచీనకాలమునుండియు నున్నది. ఆ మందుతో గడించిన ధనముతో వారు 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్త్రీలకొఱకు స్థాపించిరి. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారదలేఖలు ఆ పుటలలోనే వెలువడినవి. 1934నుండి రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణము నిచ్చి గౌరవించిరి. మొదటి కంకణ మందుకొనినవారు వరలక్ష్మమ్మగారే. ఆలోచించి చూడుడు. ఎక్కడనో యొక పల్లెలో నొక యిల్లాలు కాలణా కార్డు వ్రాసి ఒక సీసా తెప్పించుకొన్నది. ఆమె యిచ్చిన రూపాయిలో నొక కాసు తిరిగి తిరిగి మఱియొక స్త్రీ చేతికి బంగారు కంకణమైనది. స్త్రీలు వ్రాసిరి, స్త్రీలు చదివిరి. దానికి స్త్రీల నొప్పియే వెల పెట్టినది. ఇందు గర్వింపదగినది కలదు, కన్నీరు పెట్టదగినదియు కలదు.

వంగదేశమున నిట్టి సంబంధము మఱింత వినోదముగా నడచినది. హేమేంద్రమోహన బోసు అను వర్తకుడు కుంతలీనమను కేశతైల మమ్ముచుండెను. ఆయన 1896లో కథల పోటీ పెట్టెను. కథలో తైలము పేరు రావలెను, కాని ప్రకటనవలె నుండరాదని నియమము. ఆ తొలిబహుమానము పొందినవారు విజ్ఞానశాస్త్రవేత్త జగదీశచంద్రబోసుగారు. వారి కథలో సముద్రముమీద చెలరేగిన తుపాను ఒక సీసాడు తలనూనె పోయగనే చల్లబడును. తరువాత 1903లో శరత్తుగారి మందిరము అను కథకును కుంతలీనపు బహుమానమే వచ్చినది. తెలుగు స్త్రీలు తమ వాడేయని తలంచి చదువుకొనిన శరచ్చంద్రుని తొలి యడుగులకు దారి చూపినది తలనూనె ప్రకటన.

స్వదేశోద్యమము వచ్చిన పిమ్మట ఈ బజారులో క్రొత్త కేక వినబడినది. సబ్బుతో బాటు ధర్మము గూడ నమ్మజొచ్చిరి. అప్పటికి మన దేశమునకు లీవరు సోదరుల సన్‌లైటు సబ్బు ఓడలలో వచ్చి ముప్పదియేండ్లైనది; అది 1888లోనే కలకత్తా రేవున దిగినది. సీమసబ్బులలో జంతువుల క్రొవ్వు కలియుననియు, తమది కేవలము నూనెలతో జేసినదనియు బొంబాయి గోద్రెజువారు చాటిరి. కవి రవీంద్రులు దానిని మెచ్చుకొని తమ పేరిచ్చిరి. 1937లో డాల్డా వచ్చి నేతికి బదులు నిలిచినది. 1941లో లక్సు సబ్బు ప్రకటనలో తొలిసారిగా మనదేశపు తార, లీలా చిట్నీసుగారు కనబడిరి. సబ్బు కొన్నవారు సబ్బునే గాక ఆమె మొగమును గూడ కొన్నట్లు తలంచిరి.

ఇక్కడ ప్రకటన మఱియొక మెట్టు దిగినది. అంతకుముందు మనకున్న రోగమునకు మందు చెప్పుచుండెను. ఇపుడు మనకు లేని రోగమును కల్పించి, ఆ పిమ్మట మందు చెప్పజొచ్చెను. అమెరికాలోని జె. వాల్టరు థామ్సనను ప్రకటనల కంపెనీ 1929లో బొంబాయిలో కార్యాలయము తెఱచినది. 1930 తరువాత ఆ కంపెనీవారు హార్లిక్సుకొఱకు రాత్రియాకలి యను నొక వ్యాధిని ప్రచారము చేసిరి. నిద్రించునపుడు శరీరమునకు తిండి చాలక తెల్లవాఱుసరికి అలసట కలుగుననియు, భర్త చిఱాకు పడుననియు, బిడ్డలు చదువులో వెనుకబడుదురనియు చిత్రకథలు. పాలలో మాల్టు కలిపి త్రాగుట తప్పు గాదు. కాని దినమంతయు రోకలి, తిరుగలి, నీళ్ళబిందె మోసిన యిల్లాలు అలసినచో నది రోగమా? పని పంచుకొనుటకు వేఱొక చేయి లేనిచోట డబ్బాలోని పిండి యేమి చేయును? ఇంటిలోని తప్పును శరీరములోని లోపముగా మార్చి చూపుట ఈ ప్రకటనల నేర్పు.

ఇక ఆ సీసా కథ చెప్పెదము. మా యత్తగారి యత్తగారు అన్నగారి ప్రక్కన గూర్చుండి దొంగచాటుగ నక్షరములు నేర్చిన మనిషి. భారతము, భాగవతము చదివిరి. ఇద్దఱు బిడ్డలు పుట్టి పోయిరి. తరువాత నెలనెలకు వచ్చు బాధ హెచ్చి, పది పండ్రెండు దినములుండి, మనిషి తెల్లబడిపోయెను. ఇంటిలో నడిగినవారు లేరు. ఆ దినములలో ఆమె దూరముగా కూర్చుండుటయే యందఱకు కావలసినది; ఎందుకంతకాలము కూర్చుండుచున్నదని విచారించిన దెవ్వరు? ఆమె పత్రికలో నొక ప్రకటన చూచిరి. ఆ కంపెనీ పేరు మాకు తెలిసినను చెప్పము. ఇట్టి బాధ కలదా, ఎన్ని దినములుండును, నడుము నొచ్చునా, కన్నులు తిరుగునాయని ప్రశ్నలు వరుసగా వేసి, అన్నిటికి నిదియే మందని వ్రాసియుండెను. పాలమ్మిన డబ్బులు కూడబెట్టి వి. పి. పి. తెప్పించుకొనిరి. తపాలాబంట్రోతు దొడ్డిగుమ్మమునొద్దకు వచ్చి యిచ్చిపోయెడివాడట. ఒక సీసా యైనది, మూడైనవి, ఆఱైనవి. గుణము లేదని వ్రాసినచో, వ్యాధి ముదిరినది గనుక ఇంకను నాఱు పుచ్చుకొనవలసినదని జవాబు వచ్చినది.

ఒకనాడు ఆమె నూతిగట్టుమీద పడిపోయిరి. ధాన్యపు గాదె వెనుక ఖాళీ సీసాలు బయటపడినవి. మామగారి తండ్రిగారు కోపిష్ఠియని పేరు. కాని ఆనాడు సీసాలన్నియు వరుసగా నిలిపి, చాలసేపు చూచి, ఒక్క మాట యడిగిరట: "నాతో చెప్పలేదేమి?" ఆమె జవాబు మా యింట నేటికిని చెప్పుకొందురు: "మీరెప్పుడైనా అడిగారా? ఆ కాగితం అడిగింది."

మఱునాడే బండి కట్టించి, స్త్రీ వైద్యురాలున్న పట్టణపు ఆస్పత్రికి తీసికొనిపోయిరి. గర్భాశయములో గడ్డ యున్నదనియు, ఏడాది ముందు వచ్చియున్నచో ఇంత ప్రమాదము లేకపోయెడిదనియు డాక్టరమ్మగారు చెప్పిరి. శస్త్రము జరిగినది. ఆమె బ్రదికిరి, మఱి బిడ్డలు కలుగలేదు. దగ్గఱి బంధువుల బిడ్డను పెంచుకొనిరి. ఆ బిడ్డయే మా మామగారు. సీసాలలో నొక్కటి మాత్రము ఆమె పాఱవేయనియ్యలేదు. పత్రికలను మానుమని ఇరుగుపొరుగువారు చెప్పినపుడు మామగారి తండ్రిగారు మానలేదట. పత్రిక వచ్చిన దినమున తామే యామెయొద్ద గూర్చుండి, కడపటి పుటలను గూడ చదివించుకొని, ఇందులో నీకు కావలసిన దేమైన నున్నదాయని యడుగుచుండెడివారట. మేమీ కాపురమునకు వచ్చిన తరువాత విన్న కథలలో మాకు మిక్కిలి ప్రియమైనది ఇది.

ఈ మోసములను దొరతనమువారు గాని, పెద్దలు గాని చూడలేదా యన్నచో, చూచిరి. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలోని తమ ఇండియన్ ఒపీనియను పత్రికలో 1912లో ప్రకటనలు మాన్పించిరి. ఇచ్చట నడపిన యంగిండియా, హరిజను పత్రికలలోను వేయలేదు. మందుల ప్రకటనలలోని యసత్యమును, అసభ్యతను వారు పలుమాఱులు ఖండించిరి. పత్రికను కోరినవారే దాని ఖర్చు భరింపవలెనని వారి మతము. 1930లో కర్నలు రామనాథ చోప్రాగారి యధ్యక్షతను మందుల విచారణసంఘ మేర్పడి మరుసటి యేట నివేదిక యిచ్చెను. దాని ఫలముగా 1940లో ఔషధముల చట్టము వచ్చినది. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1954లో మందులను, మంత్రపు చికిత్సలను గుఱించిన ఆక్షేపణీయ ప్రకటనలను నిషేధించుచు వేఱొక చట్టము చేసిరి. దాని పట్టికలో 54 వ్యాధులున్నవి. వానికి మందు గలదని ప్రజలకు ప్రకటించుట నేరము. మధుమేహము, క్షయ, పుట్టకురుపులతో బాటు గర్భాశయవ్యాధులు, స్త్రీల వంధ్యత్వము, ఋతుదోషములు, సామాన్యముగా స్త్రీల వ్యాధులన్నియు నందు చేరినవి. ఆ పట్టిక చదివినపుడు మాకు గాదె వెనుకటి సీసాలు కన్నులకు గట్టినవి. ఎంతమంది యిండ్లలో నెన్ని గాదెల వెనుక నెన్ని సీసాలుండినచో ఆ మాటలు చట్టములోని కెక్కినవో కదా!

చట్టమున్నది, ప్రకటనయు నున్నది. పత్రిక కడపటి పుట వదలి నేడది మన యఱచేతిలోని ఫోనులో చేరినది. దాని కేకలు మాఱలేదు. రామబాణమన్న చోట మఱియొక మాట, జమీందారుగారి యుత్తరమున్న చోట నొక నవ్వు మొగము. వి. పి. పి. మూట యిపుడు గంటలలో గుమ్మముముందు వాలుచున్నది. మన ముత్తవల కాలమున ఒక ప్రకటన వేయిమంది కొక్కటే. నేటిది మనము రాత్రి దేనినిగుఱించి వెదకితిమో కనిపెట్టి, తెల్లవాఱుసరికి మన బాధ పేరుతోనే వచ్చి నిలుచును.

కావున సోదరీమణులకు మేము మనవి చేయునవి కొన్ని కలవు. ఏ మందైనను సరే, అందేమున్నదో చెప్పని సీసాను నమ్మవలదు. ఒకే మందు తలనుండి పాదము వఱకు నన్ని రోగములకు పనిచేయునన్నచో, అది దేనికిని పనిచేయదనుకొనుడు. గుణము లేదన్నపుడు ఇంకను కొనుమని చెప్పు వర్తకుని మాట వైద్యుని మాట గాదు. ఒక ప్రకటన చదివిన పిమ్మట మనకు క్రొత్త భయము పుట్టినచో, ఆ భయమునకు మనము వెల చెల్లింపబోవుచున్నామని తెలిసికొనుడు. రక్తస్రావము హెచ్చినను, గడ్డ తగిలినను, బిడ్డ జ్వరము తగ్గకున్నను, వి. పి. పి. కొఱకు వేచియుండవలదు, బండి కట్టించుడు.

ఇవన్నియు చెప్పినను, వీనికంటె ముందు చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. అది కొనువారి పని గాదు, ఇంటివారి పని. మన యింటిలో కోడలు పాలిపోయినదా, కూతురు మాట తగ్గించినదా, ముసలమ్మగారు రాత్రులు లేచి కూర్చుండుచున్నారా? దగ్గఱ గూర్చుండి, ఏమి నొచ్చుచున్నదని యడుగుడు. అడిగి, జవాబు వచ్చువఱకు లేవకుడు. కాగితము మనకంటె ముందడిగినచో తప్పు కాగితముది గాదు.

పత్రికలు మరల కట్టగట్టితిమి. కడపటి పుటలు చింపలేదు. సీసాను తుడిచి, క్రొత్త వేపాకు పఱచి, దాని చోటనే యుంచితిమి.